బిల్లు ఎలా చదవాలి, మన మాట సభ దాకా ఎలా పంపాలి: కుక్కల రిజిస్ట్రేషన్ నుంచి అణు కరెంటు దాకా

రాజోలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా దస్తావేజులు రాయడం నా వృత్తి. క్రయం, తనఖా, భాగపంపకం, దానపట్టా, ఏ కాగితం వచ్చినా అడుగున ఉన్న షెడ్యూలు ముందు చూసి, తర్వాతే పై పేరాలకి వెళ్లడం అలవాటు. చట్టాల ముసాయిదాలనూ అలాగే చదువుతాను. ఈమధ్య నా బల్ల దగ్గర రెండు విషయాల మీద వాదన జోరుగా సాగుతోంది. ఒకటి పెంపుడు కుక్కలకి రిజిస్ట్రేషన్ పెట్టడం, రెండోది అణు విద్యుత్తుకి ప్రభుత్వం ఇస్తున్న మద్దతు. గొంతు చించుకుని వాదించేవాళ్లలో ఒక్కరి చేతిలోనూ అసలు కాగితం కనబడదు. నాలుగు సెంట్ల జాగా కొనడానికి ముప్పై ఏళ్ల ఈసీ (ఆ జాగా మీద జరిగిన పాత లావాదేవీల పత్రం) తీయించి, లింకు డాక్యుమెంట్లన్నీ వెదికించే మనుషులే, తమ మీదకి వచ్చే చట్టాన్ని మాత్రం వాట్సాప్‌లో వచ్చిన రెండు లైన్లతో తేల్చేస్తున్నారు. నాకు ఇది చాలా బాధగా ఉంటుంది. అందుకే నేను చదివే పద్ధతి, రాసి పంపే పద్ధతి ఇక్కడ పెడుతున్నాను.

అది నిజంగా చట్టమేనా?

మొదటి పని ఇదే. బిల్లు వేరు, చట్టం వేరు, చట్టం కింద చేసే రూల్స్ వేరు, శాఖ రాసే లేఖ వేరు. నాలుగింటికీ బలం ఒకటి కాదు.

2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ రాష్ట్రాలకి ఒక లేఖ రాసింది. పిట్‌బుల్, రాట్‌వైలర్ వంటి 23 జాతుల కుక్కల పెంపకానికీ అమ్మకానికీ అనుమతులు ఇవ్వొద్దని, ఇప్పటికే ఇళ్లలో ఉన్నవాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలని దాని సారాంశం. ఆ వారం మా దగ్గర అందరి నోటా ఒకటే మాట: "కేంద్రం చట్టం చేసేసిందంటండీ!" పీచు మిల్లులో కాపలాకి రాట్‌వైలర్‌ని పెంచుకుంటున్న ఒకాయన, కుక్కని ఎవరికైనా రాసిచ్చేయొచ్చా అని నా దగ్గరికే వచ్చాడు. పార్లమెంటు ఆమోదించిన చట్టమైతే కాదది, శాఖ పంపిన లేఖ. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. సంబంధించినవాళ్ల మాట వినకుండా ఇచ్చారన్నది అందుకు ఒక ముఖ్య కారణం. అక్కరకు రాని భయంతో ఆ నెలలో ఎంతమంది కుక్కల్ని వదిలించుకుని ఉంటారో అనుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

కాబట్టి వార్త వినగానే అడగాల్సింది: దీని పేరేమిటి, నంబరేమిటి, ఏ సంవత్సరం? పార్లమెంటు బిల్లయితే సంసద్ వెబ్‌సైట్‌లో పూర్తి పాఠం దొరుకుతుంది. సభలో పెట్టినప్పటి ప్రతి, సభ ఆమోదించిన ప్రతి విడివిడిగా ఉంటాయి, రెండూ దింపుకోండి. పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ అనే సంస్థ సైట్‌లో బిల్లుకి చిన్న సారాంశం కూడా ఉంటుంది, ఇంగ్లీషు చదవగలిగిన కుర్రాళ్లు ఇంట్లో ఉంటే ముందు అది చదివించుకోండి. చట్టమయ్యాక గెజిట్‌లో వచ్చిన ప్రతే ప్రమాణం. మున్సిపాలిటీ బైలా అయితే ముసాయిదా నోటీసు బోర్డు మీద ఉందేమో చూడండి, ఆఫీసులో నకలు అడగండి. పంచాయతీ అయితే తీర్మానం పుస్తకం.

ఎవరి పరిధిలోది?

రాజ్యాంగం ఏడో షెడ్యూలులో మూడు జాబితాలున్నాయి. అణుశక్తి కేంద్ర జాబితాలో 6వ అంశం. అంటే అసెంబ్లీ దాని మీద చర్చించొచ్చు, తీర్మానం చేసి పంపొచ్చు గానీ, చట్టం చేసే అధికారం పార్లమెంటుదే. జంతువుల మీద క్రూరత్వాన్ని అరికట్టడం ఉమ్మడి జాబితాలో 17వ అంశం, 1960 నాటి కేంద్ర చట్టం అక్కడినుంచి వచ్చిందే. పశువుల రోగాల నివారణ, పశువైద్యం రాష్ట్ర జాబితాలో 15. స్థానిక సంస్థలూ రాష్ట్రానివే. రాష్ట్ర జాబితాలోనే 58వ అంశం చూస్తే "జంతువుల మీద, పడవల మీద పన్నులు" అని ఒకే లైనులో ఉంటుంది. గోదావరి పాయల మధ్య పుట్టినవాణ్ని కనక ఆ లైను నాకు ప్రత్యేకంగా గుర్తుండిపోయింది.

ఇది తెలిస్తే అర్జీ ఎవరికి రాయాలో తెలిసిపోతుంది. కుక్కల రిజిస్ట్రేషన్ ఫీజు గురించి ఎంపీగారిని నిలదీయడం, అణు నష్టపరిహారం గురించి ఎమ్మెల్యేగారి ఆఫీసు ముందు ధర్నా చేయడం, రెండూ శ్రమ దండగ. రిజిస్ట్రేషన్ సాధారణంగా మున్సిపాలిటీ, కార్పొరేషన్ స్థాయిలో నడిచే పని. చెన్నై కార్పొరేషన్ 2025లో పెంపుడు కుక్కలకి లైసెన్సు, మైక్రోచిప్ తప్పనిసరి చేసింది, అక్కడి కౌన్సిల్ తేల్చుకున్న సంగతి అది. వీధి కుక్కల మీద 2025 ఆగస్టులోనూ నవంబరులోనూ సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు మరో దారి, వాటినీ ఇంట్లో కుక్కకి రిజిస్ట్రేషన్‌నీ కలిపి మాట్లాడొద్దు.

కింద నుంచి పైకి చదవండి

బిల్లు మొదటి పేజీలో పేరు గొప్పగా ఉంటుంది. ఉద్దేశాలూ కారణాల ప్రకటన ఇంకా అందంగా ఉంటుంది. వాటికి లొంగకుండా ముందు చివరి పేజీలకి వెళ్లండి. అక్కడ షెడ్యూళ్లు ఉంటాయి. ప్రభుత్వ ఖజానా నుంచి డబ్బు ఖర్చయ్యే బిల్లయితే ఆర్థిక మెమొరాండం ఉంటుంది. ఏయే విషయాలు ఇప్పుడు తేల్చకుండా తర్వాత రూల్స్‌కి వదిలేశారో చెప్పే మరో మెమొరాండం ఉంటుంది. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఈ మూడోది. అసలు సంగతి అక్కడ వదిలేస్తారు, మనం వదిలెయ్యకూడదు.

తర్వాత రద్దుల క్లాజు, ఏ పాత చట్టాలు పోతున్నాయో చూడండి. ఆ తర్వాత శిక్షలు, జరిమానాలు. ఆ తర్వాత నిర్వచనాలు. మిగతాదంతా చివర.

నిర్వచనాల మీద కాస్త ఆగి చెప్తాను. కుక్కల రిజిస్ట్రేషన్ ముసాయిదా ఏదైనా చేతికొస్తే నేను వెదికేది "యజమాని" అంటే ఎవరు అన్నది. పట్నంలో కుక్కకి ఒక ఇల్లు ఉంటుంది. మా వైపు అలా కాదు. పొద్దున్న టిఫిన్ బండి దగ్గర ఇడ్లీ ముక్క, మధ్యాహ్నం చేపల బజారు, రాత్రికి కొబ్బరి రాసుల దగ్గర కాపలా. ఐదిళ్లవాళ్లు అన్నం పెడతారు, ఐదిళ్లవాళ్లూ "మాది కాదండి" అంటారు. కరిచినప్పుడు మరీ గట్టిగా అంటారు. 2023లో కేంద్రం తెచ్చిన యానిమల్ బర్త్ కంట్రోల్ రూల్స్ ఇక్కడ ఒక గీత గీశాయి: పెంపుడు జంతువుకి టీకాలు, నులిపురుగుల మందు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ యజమాని బాధ్యత, వీధి జంతువులకి అవే పనులు స్థానిక సంస్థ బాధ్యత. తిండి పెట్టేవాళ్లని కూడా యజమానులుగా లెక్కేస్తే ఆ గీత చెరిగిపోతుంది. ముసలావిడ ఎవరో గుప్పెడు అన్నం పెట్టిన పాపానికి జరిమానా కట్టాల్సి వస్తుంది, మున్సిపాలిటీ చేతులు దులుపుకుంటుంది.

ఇంతకీ రిజిస్ట్రేషన్ ఉండాలనే నేనంటాను. రేబిస్ వచ్చాక మనిషి బతకడం దాదాపు లేదు. దేశంలో కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ని 2030 నాటికి లేకుండా చేయాలని కేంద్రం పెట్టుకున్న లక్ష్యం నెరవేరాలంటే ఏ కుక్కకి టీకా పడిందో, దేనికి పడలేదో తెలియాలి. రిజిస్ట్రేషన్‌ని పశువుల ఆసుపత్రిలో టీకా వేసినచోటే ముగించి, మెడకి బిళ్ల కట్టి పంపాలన్నది నా అభిప్రాయం. ఆఫీసు చుట్టూ తిప్పితే ఎవరూ రారు. ఇంకో మాట. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు లంక గ్రామాలవాళ్లని పడవల మీద తరలించారు. అలాంటప్పుడు మెడలో బిళ్ల ఉన్న కుక్క ఎవరిదో తెలుస్తుంది, నీళ్లు తీశాక ఇంటికి చేరే దారి ఉంటుంది. వరద సమయంలో పెంపుడు జంతువుల తరలింపు గురించి ఒక నిబంధన ఉండాలని డెల్టాలోని ప్రతి మున్సిపాలిటీకీ రాయొచ్చు.

ఇక జరిమానాలు. 1960 చట్టంలో జంతువుని హింసిస్తే మొదటి తప్పుకి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. దాన్ని పెంచుతూ 2022 నవంబరులో ఒక ముసాయిదా సవరణని ప్రజాభిప్రాయానికి పెట్టారు. అలాంటి ముసాయిదా బయటికొచ్చిన రోజులే మనకి విలువైనవి.

అణు బిల్లులో చూడాల్సింది: ఎవరు కడతారు?

అణు విద్యుత్తు వద్దని నేననను. మా చుట్టూ రొయ్యల చెరువులున్నాయి. రాత్రిపూట కరెంటు పోయి, చెరువు నీళ్లలోకి గాలి అందించే ఏరియేటర్లు ఆగితే, జనరేటరు అందుకునే లోపు రైతు ఊపిరి బిగబట్టుకుని నిలబడతాడు. గాలి ఉన్నా లేకపోయినా, ఎండ ఉన్నా లేకపోయినా వచ్చే కరెంటు విలువ మాకు తెలుసు. 2047 నాటికి 100 గిగావాట్ల అణు విద్యుత్తు అన్నది కేంద్రం లక్ష్యం. 2025-26 బడ్జెట్‌లో చిన్న మాడ్యులర్ రియాక్టర్ల పరిశోధనకి 20,000 కోట్లతో మిషన్ ప్రకటించారు, దేశంలోనే తయారైనవి కనీసం ఐదు 2033 నాటికి నడవాలన్నారు. మన రాష్ట్రంలోనే శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడలో ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు పెట్టాలన్న ప్రతిపాదన ఉంది.

మద్దతు అనే మాటలో మూడు ఉంటాయి: ఇచ్చే డబ్బు, ఇచ్చే అనుమతి, తీసేసే బాధ్యత. మొదటి రెండింటి గురించి అందరూ మాట్లాడతారు. మూడోది క్లాజుల మధ్య ఉంటుంది.

2010 నాటి అణు నష్టపరిహార చట్టంలో ప్లాంటు నడిపే సంస్థ బాధ్యతకి 1,500 కోట్ల పరిమితి పెట్టారు. అయితే 17వ సెక్షన్ ప్రకారం, పరికరాల్లో లోపం వల్ల ప్రమాదం జరిగితే, కట్టిన సొమ్మును సరఫరా చేసిన కంపెనీ నుంచి రాబట్టుకునే హక్కు కూడా ఉండేది. భోపాల్ గుర్తున్న దేశం కనక ఆ సెక్షన్ పెట్టుకుంది. ఆ బిల్లు 2010 మేలో లోక్‌సభకి వచ్చింది, స్థాయీ సంఘానికి (బిల్లుని పరిశీలించే ఎంపీల కమిటీకి) వెళ్లింది, ఆగస్టు 25న లోక్‌సభ, 30న రాజ్యసభ ఆమోదించాయి. మధ్యలో ఆ ఒక్క సెక్షన్‌లో కలిపిన చిన్న చిన్న పదాలు కంపెనీలకి తప్పించుకునే సందు ఇస్తున్నాయని ప్రతిపక్షాలు పట్టుబట్టాయి, వాటిని తీయించాయి. కాగితం చదివినవాళ్లు ఉంటే ఏం జరుగుతుందో అదీ.

2025లో వచ్చిన శాంతి (SHANTI) అనే అణుశక్తి బిల్లు 1962 అణుశక్తి చట్టాన్నీ, ఈ 2010 చట్టాన్నీ రద్దు చేసింది. ప్రైవేటు కంపెనీలకి తలుపు తెరిచింది. అణుశక్తి నియంత్రణ మండలికి చట్టబద్ధత ఇచ్చింది, ఇది ఎప్పుడో జరగాల్సిన మంచి పని. బాధ్యత పరిమితిని రియాక్టర్ సామర్థ్యాన్ని బట్టి అంచెలు చేసి, 100 కోట్ల నుంచి 3,000 కోట్ల వరకు షెడ్యూలులో పెట్టింది. అందుకే అడుగు నుంచి చదవమన్నాను. పరికరాల లోపానికి సరఫరాదారుని పట్టుకునే పాత నిబంధన ఇందులో లేదు. ఒప్పందంలో రాసుకుంటేనో, ఎవరైనా కావాలని నష్టం చేస్తేనో మాత్రమే రాబట్టుకోవచ్చు. డిసెంబరు 15న లోక్‌సభలో పెట్టారు, 17న అక్కడ, 18న రాజ్యసభలో ఆమోదం అయిపోయింది. కమిటీకి పంపాలని ప్రతిపక్షం అడిగింది, పంపలేదు.

పాశర్లపూడి గ్యాస్ బావి 1995లో అంటుకుని 65 రోజులు మండిన నేల మాది. నగరం అనే ఊళ్లో 2014 జూన్ 27 తెల్లవారుజామున గ్యాస్ పైపులైను పేలింది. ప్రమాదం జరిగాక ఎవరు కడతారు, ఎంత కడతారు, ఎప్పుడు కడతారు అన్న ప్రశ్న కోనసీమలో ఎవరికీ కొత్త కాదు. ఇంత పెద్ద మార్పుకి నాలుగు రోజులు చాలవని నేను గట్టిగా నమ్ముతున్నాను.

తలుపు మూసేశారనుకున్నాక కూడా

బిల్లు కమిటీకి వెళ్తే సులువు. శాఖల వారీ స్థాయీ సంఘాలు 24 ఉన్నాయి, ఒక్కోదానిలో 31 మంది సభ్యులు. బిల్లు మీద అభిప్రాయాలు కావాలంటే పేపర్లో, వెబ్‌సైట్‌లో ప్రకటన ఇస్తారు, గడువు కొద్ది రోజులే ఉంటుంది. శాఖలు కూడా ముసాయిదాని కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలని 2014లో కేంద్రం ఒక విధానం పెట్టుకుంది. అది చట్టం కాదు కనక పాటించనప్పుడు గట్టిగా అడగాల్సింది మనమే.

కమిటీకి వెళ్లకుండా చట్టమైపోతే రెండు చోట్ల పని మిగిలే ఉంటుంది.

ఒకటి రూల్స్. కేంద్ర చట్టాల కింద చేసే రూల్స్‌ని సాధారణంగా పార్లమెంటు ముందు 30 రోజులు ఉంచాలి, రెండు సభలూ ఒప్పుకుంటే వాటిని మార్చొచ్చు, రద్దు చేయొచ్చు. వీటిని పరిశీలించడానికి సబార్డినేట్ లెజిస్లేషన్ కమిటీ అని ప్రత్యేకంగా ఉంది. పరిహారం కోసం దరఖాస్తు ఎలా పెట్టాలి, ఏ కాగితాలు కావాలి అన్నవి ఎక్కువగా రూల్స్‌లోనే తేలతాయి. పట్టా లేని కౌలు రైతు, లైసెన్సు లేని చేపల పడవవాడు పరిహారానికి అర్హుడా కాదా? మీ ఎంపీగారి చేత ఇదే ప్రశ్న అడిగించండి. లోక్‌సభలో రోజుకి నక్షత్ర గుర్తు ప్రశ్నలు (సభలో మంత్రి నోటితో జవాబు చెప్పేవి) 20, లిఖిత జవాబు ప్రశ్నలు 230 దాకా వస్తాయి. కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి కనక, సమావేశాలు మొదలయ్యాక పరిగెత్తడం కాదు, తేదీలు ప్రకటించగానే ప్రశ్న రాసిచ్చేయాలి. ప్రశ్న ఒక్కటే ఉండాలి, చిన్నదిగా ఉండాలి, జవాబులో అంకె రావాలి.

రెండోది ప్రజాభిప్రాయ సేకరణ. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం అణు కేంద్రానికి ముందస్తు అనుమతి కావాలి. కాలుష్య నియంత్రణ మండలి కనీసం 30 రోజుల ముందు స్థానిక భాషా పత్రికలో కూడా ప్రకటన ఇచ్చి సభ పెట్టాలి, పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం మన భాషలో కలెక్టరు ఆఫీసులో, జిల్లా పరిషత్తులో అందుబాటులో ఉంచాలి. ఆ ప్రాంతంవాళ్లు సభకి వెళ్లి మాట్లాడొచ్చు. దూరాన ఉండి సంబంధం ఉన్నవాళ్లు రాతపూర్వకంగా పంపొచ్చు. అంటే కొవ్వాడ గురించి రాజోలు నుంచి కూడా రాయొచ్చు. సభ చివర్లో మినిట్స్ తెలుగులో చదివి వినిపించాలి. అది అయ్యేదాకా కుర్చీలోంచి లేవకండి. మీరు చెప్పిన అభ్యంతరం అందులో లేకపోతే అక్కడికక్కడే లేచి చెప్పండి.

లోక్‌సభకి పిటిషన్ పెట్టే హక్కు కూడా పౌరులకి ఉంది. తెలుగులో రాస్తే హిందీ గానీ ఇంగ్లీషు గానీ అనువాదం జతచేయాలి.

రాసే పద్ధతి

"ఇది ప్రజావ్యతిరేక చట్టం, వెంటనే వెనక్కి తీసుకోవాలి" అని రాసిన కాగితం ఫైల్లోకి వెళ్లి పడుకుంటుంది. క్లాజు నంబరు, అందులో ఏముంది, దానివల్ల ఎవరికి ఏం జరుగుతుంది, దాని బదులు ఏ మాటలు పెట్టాలి, ఈ నాలుగూ ఉంటే చదివే గుమాస్తా దాన్ని పట్టికలో ఎక్కించక తప్పదు. మున్సిపాలిటీ ముసాయిదా ఒకటి వచ్చిందనుకుని నమూనా రాస్తున్నాను, మీకు తగ్గట్టు మార్చుకోండి.

"మున్సిపల్ కమిషనర్ గారికి. విషయం: పెంపుడు కుక్కల రిజిస్ట్రేషన్ ముసాయిదా మీద అభ్యంతరం, సూచన. అయ్యా, ఫలానా తేదీ నోటీసుతో మీరు ప్రకటించిన ముసాయిదా 2వ నిబంధనలో, కుక్కకి ఆహారం పెట్టే వ్యక్తి కూడా యజమానే అని ఉంది. దీనివల్ల వీధి కుక్కలకి అన్నం పెట్టేవారు ఫీజు, జరిమానా కట్టాల్సి వస్తుంది. 2023 యానిమల్ బర్త్ కంట్రోల్ రూల్స్ ప్రకారం వీధి కుక్కల టీకాల బాధ్యత స్థానిక సంస్థదే. కనుక ఆ మాటలు తొలగించి, 'తన ఇంటి ఆవరణలో కుక్కను స్థిరంగా పెంచుకునే వ్యక్తి' అని చేర్చగలరు. 5వ నిబంధనలోని ఫీజును, వీధి నుంచి తెచ్చి పెంచుకునే నాటు కుక్కలకు పూర్తిగా మినహాయించగలరు. పశువుల ఆసుపత్రిలో టీకా వేసిన రోజునే రిజిస్ట్రేషన్ పూర్తయ్యే ఏర్పాటు చేయగలరు."

ఒక పేజీ దాటొద్దు. పదిమంది సంతకం పెడితే మంచిదే గానీ, పదిమంది పది వేర్వేరు కాగితాలు, ఎవరి అనుభవం వాళ్లు రాసి ఇస్తే ఇంకా మంచిది. రొయ్యల రైతు తన చెరువు గురించి రాయాలి, పశువుల డాక్టరు దగ్గర పనిచేసే కాంపౌండరు టీకాల గురించి రాయాలి. నేరుగా ఇస్తే రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోండి. దూరానికైతే స్పీడు పోస్టు రశీదు, ఈమెయిల్ అయితే పంపిన కాపీ. ఈ ముద్ర వేసిన ప్రతీ, బిల్లు ప్రతులు రెండూ ఒకే ఫైల్లో ఉంచండి. నెల దాటినా జవాబు లేకపోతే, ఆ ముసాయిదా మీద ఎన్ని అభ్యంతరాలు వచ్చాయి, ఒక్కోదాని మీద ఏ నిర్ణయం తీసుకున్నారు, ఆ నోట్ ఫైలు నకలు ఇవ్వండి అని సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయలు కట్టి అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.